రెండు నాలుగు

పదకొండున్నరకి తీసుకొచ్చారు ఆటోలో,
లాడ్ బజార్ నుంచి ఎర్రగడ్డ దాకా
ముందుకు వంగి కూర్చునే ఊపిరి లాగిందట.
పేరు రాసుకున్నాను: జుబేదా బీ, యాభై ఎనిమిది.
వెంట వచ్చిన పిల్లాడు మనవడో, కార్ఖానా కుర్రాడో,
చెప్పులు మర్చిపోయి వచ్చాడు.

చూపుడు వేలికి క్లిప్పు పెట్టాను.
ఎర్ర దీపం వెలిగింది. తెర మీద రెండు గీతలు.
అంకె లేదు.
మధ్య వేలు. గీతలు.
ఉంగరం వేలు. గోరింటాకు లేదు, గోళ్ల రంగూ లేదు,
గీతలే.
బ్యాటరీ పోయిందేమోనని నా వేలికి పెట్టుకున్నా.
తొంభై ఎనిమిది, టక్కున,
ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తినట్టు.

ఆమె నవ్వింది. నవ్వు సగంలో దగ్గయింది.
"ఛోడో బేటీ, మేరే ఉంగ్లియాఁ మిషన్ కూ నై దిక్తే."
రేషన్ షాపుల ముద్ర పడదు, మీ-సేవల పడదు,
మూడు నెలల బియ్యం అట్లనే పోయినయ్, అంది
మాటకీ మాటకీ మధ్య ఒక మెట్టెక్కుతూ.

చేతులు తిప్పి చూశాను.
నలభై ఏళ్లు బొగ్గుల కుంపటి ముందు
కాలే లక్కని ఒత్తి, సాగదీసి, గుండ్రం తిప్పి,
అద్దం ముక్కలు ఒక్కొక్కటే అతికిన వేళ్లు.
కొసలు నున్నగా, గట్టిగా,
బొమ్మా బొరుసూ తెలియకుండా అరిగిన నాణేలు.
వెలుగు లోపలికి పోలేదో
పోయి, బయటికి దారి దొరకలేదో.

గ్లోవ్స్ తీసి ఆ చేతుల్ని రుద్దాను.
తీయకూడదు, తెలుసు.
వేడెక్కినవి నా చేతులే.

"చెవికి పెట్టండి సిస్టర్," అన్నాడు డాక్టర్ విహారి, తల ఎత్తకుండా.
చెవి తమ్మె సాగి ఉంది, రంధ్రం ఖాళీ.
కమ్మలేవమ్మా అంటే,
గుల్జార్ హౌజ్ కాడ కుదువల ఉన్నయి, ఏడేండ్లాయె.
ఆ రంధ్రం పక్కన మిగిలిన కాస్త చోట
క్లిప్పు నిలబెట్టాను.

ఎనభై మూడు.

పరీక్షలో అయితే ఫస్టు క్లాసు,
కరెంటు బిల్లయితే పండగ.
నెత్తురులో మాత్రం
రాని ఆ పదిహేడే లెక్క.

మాస్కు కట్టి మీట తిప్పాను.
గాజు గొట్టంలో చిన్న గోలీ పైకి లేచింది,
సీసాలో నీళ్లు బుడబుడమన్నాయి.
ఆమె కళ్లు తెరిచి,
"నల్లా వస్తున్నదా? బిందె పెట్టున్రి!"
పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది.
ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది.
కాసేపు ఎనభై ఎనిమిదికి జారి, మమ్మల్ని భయపెట్టి,
తొంభై ఒకటి.

మూడింటప్పుడు మళ్లీ చూడబోతే
నా చెయ్యి పట్టుకుంది.
వార్డులో గాజులు వద్దన్నారు కాబట్టి బోసి చెయ్యి.
బొటనవేలు అరచేతిలోకి మడిచి,
కణుపుల మీద ఒక్కసారి నొక్కి వదిలేసింది.
"దో చార్."
కాదమ్మా, నేను వేసుకునేది రెండు ఆరు.
"అందుకే జారుతయి," అంది మాస్కు లోంచి,
"నీ చెయ్యి పట్టి చూడకుండ కొన్నరు ఎవరో."

నిజమే. పెళ్లికి రెండు డజన్లు,
ఫోన్లో చెప్పి తెప్పించారు.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.

రిజిస్టర్లో రాశాను:
ఐదు గంటలు. వేలు, రాలేదు. ఎడమ చెవి, తొంభై రెండు.
నా కొలత రాసే గడి అందులో లేదు.

మెట్రోలో పిడి పట్టుకుని నిలబడితే
చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది.
అమీర్‌పేట దాటాక వార్డు నుంచి ఫోను,
పొద్దుటి డ్యూటీకి వచ్చిన కొత్త పిల్ల సునేత్రి, గాబరాగా:
పద్నాలుగో బెడ్డుకి గీతలే వస్తున్నాయి మేడమ్,
ఏ వేలికి పెట్టినా.

వేలికి కాదమ్మా, అన్నాను,
రైల్లో అందరూ వినేలా,
చెవికి. ఎడమ చెవికి.
రంధ్రం పక్కన.